దైవభీతి లేకపోతే నీతి ఉండదా? నైతిక విద్య పాఠాలు రాసే పెద్దలకు బహిరంగ లేఖ

నైతిక విద్య పాఠ్యపుస్తకాల రచయితలకు, సంపాదకులకు, ఆ పుస్తకాలను ఆమోదించే కమిటీ సభ్యులకు నమస్కారం.

పిల్లలకు నాలుగు మంచి మాటలు చెప్పాలన్న మీ ఉద్దేశాన్ని నేను శంకించడం లేదు. మార్కులు, ర్యాంకుల గోలలో మోరల్ సైన్స్ పీరియడ్ ఇంకా బతికుందంటే అందులో మీ పట్టుదల ఉంది. ఆ పీరియడ్ చెప్పే టీచర్‌గానే ఈ లేఖ రాస్తున్నాను. మీ పుస్తకంలోని ఒక వాక్యం గురించి ఇంతకుముందే ఉత్తరం పంపాను. అందినట్టు రసీదు వచ్చింది, జవాబు మాత్రం రాలేదు. ఫోన్ చేస్తే ‘పైవాళ్లు చూస్తారు’ అన్నారు. ఈలోగా కొత్త ముద్రణ వచ్చేసింది. ఆ వాక్యం ఉన్నచోటే ఉంది. అందుకే ఇప్పుడు నలుగురి ముందూ అడుగుతున్నాను.

ఆ వాక్యం ఇది: ‘దైవభీతి లేనిచోట పాపభీతి ఉండదు. పాపభీతి లేని మనిషికి నీతి ఉండదు.’ దాని కింద అభ్యాసంలో నాలుగు మార్కుల ప్రశ్న: ‘దేవుణ్ణి నమ్మనివారు తప్పు చేయడానికి ఎందుకు వెనుకాడరు? కారణాలు రాయండి.’

మా క్లాసులో ఒక అమ్మాయి పరీక్షలో దీనికి రాసిన జవాబు మూడు వాక్యాలు. ‘మా అమ్మా నాన్నా దేవుణ్ణి నమ్మరు. కానీ వాళ్లు తప్పు చేయడానికి వెనుకాడతారు. కాబట్టి ఈ ప్రశ్నకు జవాబు నాకు తెలియదు.’ నేను నాలుగు మార్కులూ వేశాను. పేపర్లు మళ్లీ చూసినవాళ్లు ఎర్ర పెన్నుతో అది కొట్టేసి సున్నా పెట్టారు. మీరిచ్చిన కీలో ఉన్న జవాబు అది కాదట. కళ్లారా చూసింది రాసినందుకు ఒక పిల్లకు నైతిక విద్యలో సున్నా వచ్చింది.

ఒక మాట ముందే చెప్పాలి. దేవుడు ఉన్నాడా లేడా అన్నది ఈ లేఖ విషయం కాదు. నేను ఏం నమ్ముతానన్నదీ మీకు అనవసరం. మతం కోట్లమందికి మంచిగా బతికే ఓపిక ఇస్తోంది, కష్టంలో ఓదార్పునిస్తోంది, పక్కవాడికి సాయం చేసే అలవాటు నేర్పుతోంది. దాన్ని కాదనేవాళ్లు లోకం చూడనివాళ్లు. నా అభ్యంతరం ఒక్కటే. నీతికి మతం తప్ప వేరే ఆధారమే లేదని మీరు పన్నెండేళ్ల పిల్లలకు ఖాయంగా చెబుతున్నారు. అది నిజం కాదు.

సుమారు 2,400 ఏళ్ల కిందటే ప్లేటో తన గురువు సోక్రటీస్ నోట ఒక ప్రశ్న అడిగించాడు. యూథిఫ్రో అనే మనిషి సొంత తండ్రి మీదే హత్యానేరం మోపడానికి ఏథెన్స్ కోర్టుకు వస్తాడు. దేవతలకు ఏది ఇష్టమో తనకు బాగా తెలుసని అతని ధీమా. సోక్రటీస్ అడుగుతాడు: దేవతలు మెచ్చుకున్నారు కాబట్టి ఒక పని మంచిదైందా, మంచిది కాబట్టి దేవతలు మెచ్చుకున్నారా? మొదటిది అంటే, రేపు పసివాళ్లను హింసించమని ఆజ్ఞ వస్తే ఆ పనీ మంచిదే కావాలి. రెండోది అంటే, మంచి అనేది ఆజ్ఞ కంటే ముందే ఉన్నట్టు. మంచితనం దేవుడి స్వభావమే, ఆజ్ఞ అందులోంచే వస్తుందని మత తాత్వికులు ఒక సమాధానం చెప్పారు. తీసిపారేయదగ్గ సమాధానం కాదది. కానీ దయ మంచిదనీ క్రౌర్యం చెడ్డదనీ మనకు ముందే తెలియకపోతే, ఆ స్వభావం మంచిదని గుర్తుపట్టేదెలా?

ఇది తత్వవేత్తల కాలక్షేపం అనుకుంటే మన చరిత్రే చూడండి. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించారు. ఎదిరించినవాళ్లు శాస్త్రం చూపించారు. ఆయనా శాస్త్రమే చూపించారు. అంతకు ముందు బెంగాల్‌లో ఈశ్వరచంద్ర విద్యాసాగర్ పరాశర స్మృతిలో వితంతు వివాహాన్ని అనుమతించే శ్లోకం పట్టుకుని వాదించారు, 1856లో చట్టం వచ్చింది. ఆ శ్లోకం ఎన్నో వందల ఏళ్లుగా అక్కడే ఉంది. ఎంతమంది పండితులు దాన్ని చదివి పక్కకు పోయి ఉంటారు! బాల్యంలోనే బతుకు మూసుకుపోయిన ఆడపిల్లల బాధ కళ్లకు కట్టినవాళ్లకే ఆ శ్లోకం అవసరమైంది. అమెరికాలో బానిసత్వాన్ని సమర్థించిన పాస్టర్లూ, దాని మీద పోరాడిన పాస్టర్లూ తెరిచింది ఒకే బైబిల్. ఏ వాక్యాన్ని పట్టుకోవాలో, దేన్ని వదిలేయాలో చెప్పిన తూకం ఆ గ్రంథం లోపలి నుంచే వచ్చిందంటే నమ్మడం కష్టం.

పైగా మీ వాక్యం మతాల మీద కూడా నిజం చెప్పడం లేదు. బౌద్ధం, జైనం సృష్టికర్త ఊసు లేకుండానే ఎంతో కఠినమైన నీతి నియమాలు పెట్టుకున్నాయి. వేదమే ప్రమాణమన్న పూర్వమీమాంసకులు సైతం ధర్మం నిలవడానికి సృష్టికర్త అక్కర్లేదన్నారు. మీ పాఠం ప్రకారం బుద్ధుడికీ మహావీరుడికీ కూడా నీతి ఉండకూడదు. (ఇదే పుస్తకంలో మరో పాఠం బుద్ధుడి మీద ఉంది. రెండు పాఠాలనూ ఒకరే ఎడిట్ చేశారా అన్న అనుమానం నాకు ఇప్పటికీ పోలేదు.)

పిల్లల సంగతికొస్తే, వాళ్లు మనకంటే స్పష్టంగా ఆలోచిస్తారు. లారీ నూచి, ఇలియట్ టురియెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1993లో ఒక పరిశోధన ప్రచురించారు. గట్టి ఆచారాలున్న క్రైస్తవ, యూదు కుటుంబాల పిల్లల్ని వాళ్లు అడిగింది సులువైన ప్రశ్నే. వారంలో ఒకరోజు పని చేయకూడదని దేవుడు చెప్పి ఉండకపోతే ఆ రోజు పని చేయొచ్చా? చేయొచ్చన్నారు చాలామంది. మరి దొంగతనం చేయమనో, ఇంకొకరిని కొట్టమనో దేవుడే చెబితే అది సరైన పని అవుతుందా? కాదన్నారు ఎక్కువమంది. దేవుణ్ణి మనసారా నమ్మే పిల్లలే వాళ్లు. ఆచారం ఏదో, ఇతరులకు హాని ఏదో వాళ్లకు విడివిడిగా తెలుసు. మన పాఠం ఆ రెండింటినీ మళ్లీ కలగలిపేస్తోంది.

సరే, మతం కాకపోతే మరి ఆధారమేమిటి? ఇది న్యాయమైన ప్రశ్న. దీన్ని దాటేసేవాళ్లంటే నాకూ చిరాకే. నాకు తెలిసినంతలో ఆ ఆధారం ఒక్క ముక్కలో తేలేది కాదు. ఎదుటి మనిషికి నొప్పి కలిగితే మనకూ ఏదో గుచ్చుకుంటుంది, నీతికి మూలం అదేనన్నాడు స్కాట్లండ్ తత్వవేత్త డేవిడ్ హ్యూమ్. అందరూ పాటించాలని కోరుకోగలిగిన నియమం ప్రకారమే నడుచుకో, ఏ మనిషినీ కేవలం పనిముట్టుగా వాడుకోకు అన్నాడు జర్మన్ తత్వవేత్త ఇమ్మాన్యుయెల్ కాంట్ 1785లో. నీ పని వల్ల ఎంతమందికి మేలు, ఎంతమందికి కీడు అని లెక్క చూడమన్నాడు ఇంగ్లిష్ తత్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్. కూడి బతికే జంతువుల సహజ ప్రవృత్తికి తెలివి తోడైతే మనస్సాక్షి పుడుతుందని 1871లో డార్విన్ రాశాడు. అయితే, నీతి ఎలా పుట్టిందో చెప్పినంత మాత్రాన దాన్ని ఎందుకు పాటించాలో చెప్పినట్టు కాదు. పగ, పరాయివాడి మీద ద్వేషం కూడా అదే ప్రకృతిలోంచి వచ్చాయి కదా.

వీళ్లంతా ఒకరితో ఒకరు ఏకీభవించరు. అది నిజమే. మతాలు మాత్రం ఏకీభవించాయా? ఒకే మతంలోని శాఖలు ఏకీభవించాయా? ఇంత తగవు మధ్య కూడా అందరూ వచ్చి కలిసే చోటు ఒకటుంది. తెలుగు భారతంలో తిక్కన ‘ఒరులేయవి’ అని ఎత్తుకున్న పద్యం చదువుకున్న ప్రతివాళ్లకూ అది తెలుసు. ఇతరులు ఏం చేస్తే నీ మనసుకు కష్టమో, దాన్ని నువ్వు ఇతరులకు చేయకు, ధర్మమార్గాలన్నిటికీ అదే దిక్కు. చైనాలో కన్ఫ్యూషియస్, యూదుల్లో హిల్లెల్ దాదాపు ఇదే మాట చెప్పారు. పద్యం ఉన్నది ఇతిహాసంలోనే, కాదనను. కానీ కారణం ఎక్కడ చూపిస్తోంది? నీ మనసులో. నరకం పేరెత్తలేదు, వరం ఆశ పెట్టలేదు. నమ్మినవాడికీ నమ్మనివాడికీ కూడా సరిచూసుకోవడానికి వీలైన కారణం అది. నీతికి ఆధారం అని నేననేది దీన్నే. ఎదుటివాడి బాధ లెక్కలోకి రావాలి, మనం చేసే పనికి ఎదుటివాడు ఒప్పుకోగల కారణం చెప్పగలగాలి.

‘ఎవరూ చూడనప్పుడు తప్పు చేయకుండా ఎవరు ఆపుతారు?’ అని తప్పకుండా అడుగుతారు. దేవుడు చూస్తున్నాడన్న ఎరుక చాలామందిని ఆపుతుంది, ఒప్పుకుంటాను. అయితే పైనుంచి కెమెరా చూస్తోందని ఆగడం, ఆ పని వల్ల ఒక మనిషి నష్టపోతాడని ఆగడం వేర్వేరు. మొదటిది జాగ్రత్త. రెండోదాన్నే మన అమ్మమ్మలూ తాతయ్యలూ మంచితనం అన్నారు. ఇక చెడ్డవాణ్ణి ఏ సిద్ధాంతమూ బలవంతంగా మంచివాణ్ణి చేయలేదు. మతంతో ఆ పని అయ్యేదే అయితే ఈపాటికి జైళ్లు ఖాళీ అయి ఉండేవి.

ఎదురు వాదన ఇంకొకటుంది, అది బరువైనది. మతాన్ని అణచివేసిన స్టాలిన్ పాలనలోనూ, 1975 నుంచి 1979 దాకా కంబోడియాను ఏలిన ఖ్మేర్ రూజ్ కిందా లక్షల మంది చచ్చిపోయారు. నిజం. దేవుణ్ణి తీసేసినంత మాత్రాన ఆ స్థానంలో నీతి వచ్చి కూర్చోదు. అక్కడ మనుషుల బాధ లెక్కలోకి రాలేదు, కారణం అడిగినవాడు బతకలేదు. ఆ రెండూ ఎక్కడ లేకపోయినా, గోడ మీద ఏ పటం వేలాడుతున్నా, జరిగేది అదే.

ఇక ఆ వాక్యం వల్ల మామూలు మనుషులకు జరుగుతున్నది చెబుతాను.

1. నమ్మకం సడలిన పిల్లలు దిక్కుతోచని స్థితిలో పడుతున్నారు. పదిహేను, పదహారేళ్లకు చాలామందికి సందేహాలు వస్తాయి. వాటిలో కొన్ని ఉంటాయి, కొన్ని పోతాయి. ఇల్లంతా ఒక్క స్తంభం మీదే నిలబడి ఉందని మనం ముందే నూరిపోస్తే, ఆ స్తంభం కదిలిన రోజున పిల్లవాడు ఇంట్లో ఎందుకుంటాడు? ‘దేవుడు లేడనిపిస్తే ఇంక కాపీ కొట్టకూడదని ఎందుకు మేడమ్?’ అని నన్ను ఒక కుర్రాడు నిజంగానే అడిగాడు. వాడు పొగరుబోతు కాదు. పాఠాన్ని బుద్ధిగా చదివి, అందులోంచి వచ్చే ముగింపునే నా ముందు పెట్టాడు. ఇంకొందరిలో దీనికి తలకిందులుగా జరుగుతుంది. చిన్న సందేహం రాగానే ‘నేను చెడిపోయాను’ అనే టెన్షన్ పట్టుకుంటుంది. ఎవరితోనూ చెప్పుకోలేరు. చెడ్డ పని ఒక్కటీ చేయకుండానే నేరస్తుల్లా తిరుగుతారు.

2. మతం లేని మనుషుల మీద అనుమానం పెరుగుతోంది. 2019లో ప్యూ రీసెర్చ్ సెంటర్ 34 దేశాల్లో సర్వే చేసింది. నీతిగా ఉండాలంటే దేవుణ్ణి నమ్మి తీరాలన్నవాళ్లు ఆ దేశాల శాతాలను వరుసగా పేరిస్తే మధ్యలో పడే లెక్కన 45 శాతం. 2017లో 13 దేశాల్లో, మూడు వేల మందికి పైగా మనుషులతో జరిగిన మరో అధ్యయనం ఇంకా ఇబ్బందికరమైన సంగతి బయటపెట్టింది. ఒక ఘోర హంతకుడి గురించి చెబితే, వాడు నాస్తికుడై ఉంటాడని జనం మనసు చటుక్కున అనుకుంటుందట. తమాషా ఏమిటంటే, నాస్తికుల్లో కూడా ఆ ధోరణి కనిపించింది! ఈ అనుమానానికి వయసు తక్కువేమీ కాదు. మత సహనం కోసం 1689లో గొప్పగా వాదించిన ఇంగ్లిష్ తత్వవేత్త జాన్ లాక్ కూడా నాస్తికుల్ని మాత్రం సహించనక్కర్లేదన్నాడు, వాళ్ల ప్రమాణానికి కట్టుబాటు ఉండదని. ఇంగ్లండ్‌లో నాస్తికుడైన చార్లెస్ బ్రాడ్లా 1880లో పార్లమెంటుకు ఎన్నికైనా ప్రమాణం గొడవతో 1886 దాకా సభలో నిలకడగా కూర్చోనివ్వలేదు. దేవుడి పేరు లేకుండా ప్రమాణం చేసే హక్కు 1888 చట్టంతో అందరికీ వచ్చింది, ఆయన చొరవతోనే. బ్రాడ్లా అంత్యక్రియలకు వెళ్లినవాళ్లలో లండన్‌లో చదువుకుంటున్న గాంధీ ఒకరు. తిరిగొచ్చేటప్పుడు రైల్వే స్టేషన్లో ఒక నాస్తికుడు ఒక పాస్టర్‌ను పట్టుకుని, మీ దేవుడి సైజు ఎంత, ఎక్కడుంటాడు అని వెటకారంగా నిలదీస్తే, అది చూశాక తనకు నాస్తికత్వం మీద విముఖత ఇంకా పెరిగిందని గాంధీ ఆత్మకథలో రాసుకున్నారు. పెరగదూ మరి! నమ్మనివాళ్లలోనూ నోటి దురుసువాళ్లు ఉంటారు. అదే గాంధీ 1931కి వచ్చేసరికి, దేవుడే సత్యం అనడం కంటే సత్యమే దేవుడు అనడం మేలన్నారు. నాస్తికులు కూడా సత్యాన్ని కాదనరన్నది అందుకు ఆయన చెప్పిన కారణాల్లో ఒకటి. మన పాఠం మాత్రం లాక్ దగ్గరే ఆగిపోయింది. ఉద్యోగంలో, అద్దె ఇంటి దగ్గర, పెళ్లి సంబంధంలో ‘వాళ్లకు దేవుడు లేడట’ అన్న ఒక్క మాటతో తలుపు మూసుకుంటోందంటే, ఆ మాట వాళ్లు బళ్లోనే నేర్చుకుని ఉంటారు.

3. భక్తి వేషానికి పూచీకత్తు దొరుకుతోంది. నా దృష్టిలో అన్నిటికంటే ప్రమాదం ఇదే. దైవభీతి ఉన్నవాడికే నీతి అని నేర్పితే, పిల్లలు దాన్ని తిరగేసి కూడా నేర్చుకుంటారు: దైవభీతి కనిపించేవాడు నీతిమంతుడే. చీటీల డబ్బు ఎగ్గొట్టినవాడి మీద ఫిర్యాదు చేస్తే ‘ఆయన అంత భక్తిపరుడు, అలా చేస్తాడా?’ అంటారు. తనతో తప్పుగా ప్రవర్తించిన పెద్దమనిషి గురించి ఒక పిల్ల నోరు విప్పితే ముందు వినిపించేదీ ఆ మాటే. ఆమెను అనుమానిస్తారు, అతన్ని కాదు.

4. నమ్మేవాళ్లకూ ఇది గౌరవం కాదు. ప్రేమతో, జాలితో వాళ్లు చేసిన మంచినంతా ‘భయపడి చేశారు’ అని తేల్చేస్తున్నాం.

ఈ చిక్కును పరిష్కరించుకున్న పెద్ద ఉదాహరణ ఒకటి మన ముందే ఉంది. 1948లో ఐక్యరాజ్యసమితి విశ్వమానవ హక్కుల ప్రకటన రాసేటప్పుడు, మనిషి హక్కులకు మూలంగా దేవుణ్ణి పేర్కొనాలన్న ప్రతిపాదన వచ్చింది. చైనా ప్రతినిధి పి.సి. చాంగ్ వంటివారు ఒప్పుకోలేదు. చివరికి మొదటి అధికరణంలో దేవుడి పేరు రాలేదు, దేవుడు లేడన్న మాటా రాలేదు. మనుషులందరూ గౌరవంలోనూ హక్కుల్లోనూ సమానంగా పుట్టారనీ, వారికి బుద్ధి, మనస్సాక్షి ఉన్నాయనీ ఉంది. డిసెంబరు 10న 48 దేశాలు అనుకూలంగా ఓటు వేశాయి, 8 తటస్థంగా ఉన్నాయి, వ్యతిరేకంగా ఒక్కటీ వేయలేదు. అన్ని మతాల వాళ్లూ ఏ మతమూ లేనివాళ్లూ కూర్చుని ఒప్పుకోగలిగిన మాటను మన పుస్తకంలో రాయడానికి అడ్డేమిటి?

కాబట్టి మా డిమాండ్లు ఇవీ:

1. ఆ వాక్యాన్నీ దాని కింది ప్రశ్ననూ తొలగించండి. పుస్తకాలు ఇప్పటికే పంచేశారు కనుక, ఆ ప్రశ్న పరీక్షలో అడగరాదని వెంటనే సర్క్యులర్ ఇవ్వండి. ఈ రెండో పనికి ముద్రణ ఖర్చు కూడా లేదు.

2. ప్రతి పాఠంలో ‘ఇది తప్పు’ అని చెప్పి ఊరుకోకుండా ఎందుకు తప్పో పిల్లల చేత చెప్పించండి. ఎవరికి నష్టం? నీకే జరిగితే? అందరూ అలాగే చేస్తే? ఉత్త కథలతో పని జరగదు. 1973లో ప్రచురించిన ఒక ప్రయోగంలో ప్రిన్స్‌టన్‌లోని మత విద్యార్థులు 40 మందిని ఒక్కొక్కరిగా ప్రసంగానికి పంపారు. కొందరి ప్రసంగ విషయం, దారిలో గాయపడిన మనిషిని ఆదుకున్నవాడి గురించి ఏసు చెప్పిన కథే. దారిలో ఒక మనిషి మూలుగుతూ కూలబడి ఉన్నాడు. తొందరేమీ లేనివాళ్లలో 63 శాతం ఆగి సాయం చేశారు. ఆలస్యమైందని తరిమినవాళ్లలో 10 శాతమే ఆగారు. ఏ విషయం మీద మాట్లాడబోతున్నారన్నది చెప్పుకోదగ్గ తేడా తేలేదు. మన పిల్లలకు మనం నేర్పుతున్నది ప్రసంగమా, ఆగడమా?

3. ఆదర్శ జీవితాల పాఠాల్లో భక్తులతో పాటు, దేవుణ్ణి నమ్మకుండానే జనం కోసం బతికినవాళ్లనూ చేర్చండి. అంటరానితనం మీద పోరాడిన గోరా తెలుగువాడే. ఆయన నాస్తికుడన్న సంగతి దాచకుండా రాయండి.

4. అభిప్రాయం అడిగే ప్రశ్నలకు కీ పెట్టకండి. కారణం సరిగా చెప్పిన పిల్లకు, ఆ కారణం మతంలోంచి వచ్చినా బయటి నుంచి వచ్చినా, మార్కులు రావాలి. సున్నా పడిన ఆ జవాబును మళ్లీ దిద్దించండి.

5. వచ్చే ముద్రణకు ముందు ఈ లేఖకు రాతపూర్వకంగా జవాబివ్వండి. ఆ వాక్యం ఉండి తీరాలనే మీ నిర్ణయమైతే, దాన్ని నమ్మని తల్లిదండ్రులకు కూడా అర్థమయ్యే కారణం అందులో రాయండి. ‘పెద్దలు చెప్పారు’ అన్నది చెల్లదు. ఆ జవాబును నా క్లాసులో చదివి వినిపిస్తాను, పిల్లలు అడిగే ప్రశ్నలు మీకు పంపిస్తాను.

ఇట్లు,
మోరల్ సైన్స్ పీరియడ్ చెప్పే ఒక ఉపాధ్యాయురాలు